దూలానికీ కిటికీకీ మధ్య

సోమవారం రెండు ఫైళ్ళూ కలిపి తెరిచాను.
శర్వాణి గీసిన ఆసుపత్రి ఎండాడ కొండవాలులో నిలబడింది.
జగ్గారావు గారి స్తంభాలూ దూలాలూ
రోడ్డు దాటి, ఇసక దాటి
సముద్రంలో దిగిపోయాయి.

"చేపలకి కట్టేమా సార్?" అన్నాను ఫోన్లో.
నవ్వలేదాయన.

ఆవిడ సున్నా సర్వేరాయి దగ్గర.
ఈయన సున్నా మొదటి స్తంభం నడిబొడ్డున.
ఒకే కట్టడానికి రెండు సున్నాలు.
ఒకదాన్ని మోసుకొచ్చి రెండోదాని మీద దింపేసరికి
సిరిపురంలో ఆఫీసులన్నీ టిఫిను డబ్బాలు మూసేశాయి.
ఏమీ లేనిదానికి ఎంత బరువో.

కలిశాక కనబడ్డాయి ఎర్రమచ్చలు.
నూట పదిహేడు.
మెట్ల మలుపులో నెత్తి పగలగొట్టే దూలం,
స్లాబు ముందు దారడుగుతూ ఆగిపోయిన నీటిగొట్టం,
తలుపు తీస్తే అప్పులవాడిలా ఎదురుగా స్తంభం.
ఇవేమీ తగువులు కావు.
రెండంగుళాలు అటు, ఓ అంగుళం ఇటు,
ఎవరో ఒకరు "సరే" అని రాస్తారు,
ఎరుపుని పచ్చ చేసుకుంటూ పోతాను.
నా ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు.
మా పిన్ని అడిగితే
పొలంగట్టు తగువులు తీర్చే పనే,
పొలం మాత్రం ఉండదు అంటాను.

డెబ్భై మూడోది పచ్చబడలేదు.

ఐదో అంతస్తు, తూర్పు గది, డయాలసిస్ మంచాలు పన్నెండు.
కిటికీ కప్పు దాకా కావాలంది ఆవిడ.
కప్పు కింద నలభై ఐదు సెంటీమీటర్లు దూలానివే అన్నారాయన.

"సముద్రం కంటి ఎత్తులోనే కనబడుతుంది కదమ్మా,
పైన ఏముంది చూడ్డానికి?"
"పైన మబ్బుంది సార్.
సోంపేటలో తెల్లారగట్ల బస్సెక్కి వచ్చినవాళ్ళు
నాలుగేసి గంటలు వెల్లకిలా పడుకుంటారు.
వాళ్ళకున్నది కిటికీ పైభాగమే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత,
"హుద్‌హుద్ నాడు ఎక్కడున్నారు మీరు?
నేను ఎంవీపీ కాలనీలో బీరువాని తలుపుకి అడ్డంపెట్టి
దానికి వీపు ఆనించి కూర్చున్నాను.
మబ్బే వచ్చిందమ్మా ఆ రోజు, ఇంట్లోకి."

ఇద్దరి మాటా రాసుకున్నాను.
రాసుకునే గడి చిన్నది, రెండు వందల అక్షరాలు.
మబ్బు పట్టింది.
బీరువా పట్టలేదు.

గురువారం సైటుకి వెళ్ళాం ముగ్గురం.
పునాది దూలాలు అప్పుడే చెక్కలు విప్పుకుని
బూడిదరంగులో, ఇంకా తడి ఆరకుండా ఉన్నాయి.
ఉప్పుగాలి. చొక్కాలు వీపులకి అంటుకున్నాయి.
ఊచలు వంచే ఎర్రినాయుడు గోనెపట్టా పరిచి
"కూకోండి బాబూ, ఏటలా నిలబడిపోనారు" అన్నాడు.

జగ్గారావు గారు దూలం మీద కూర్చున్నారు.
పక్కనే, కాస్త ఎడంగా, శర్వాణి.
ఎవరూ డెబ్భై మూడు మాట ఎత్తలేదు.
మజ్జిగ ప్యాకెట్లు మూల కొరికి తాగాం.
లేచాక ఆయన ఆగి,
జేబులోంచి టేపు లాగి
తాను కూర్చున్నదాన్ని కొలిచారు,
నేల నుంచి పైదాకా.
మళ్ళీ ఒకసారి కొలిచి
ఏమీ అనకుండా కారెక్కారు.

రాత్రి పదకొండు నలభైకి ఫైలొచ్చింది.
దూలం కప్పు కింద లేదు.
కప్పు మీదికి లేచి, ఆరో అంతస్తులో
కిటికీల వెంబడి, ఆ కొస నుంచి ఈ కొసకి.
కింద ఒక ముక్క:
"రోగుల వెంట వచ్చేవాళ్ళకి
కూర్చునే చోటు చూపించలేదు మీరు. ఇదిగో."

శర్వాణి "సరే" అని రాయలేదు.
ఆ అరుగు మీద ఇద్దర్ని కూర్చోబెట్టి పంపింది,
ముఖాల్లేని బూడిద బొమ్మలు,
ఒకరి ఒళ్ళో టిఫిను క్యారియర్.

పచ్చ చేశాను.

తెల్లారి గాజువాక నుంచి ఇస్మాయిల్ ఫోను,
ఏసీ గొట్టాల ఇస్మాయిల్:
"మేడం, దూలం మేడెక్కిందంట కదా.
మరి నా గొట్టం దేన్ని పట్టుకుని వేలాడాలి?"

నూట పద్దెనిమిది.